ఈ వారం నా ఐదు ఆల్బమ్స్: పేరు మార్చుకోని అన్నదమ్ములు, స్పీడోమీటర్ మీద జోకు, ఇంకో మూడు

ప్రతివారం లాగే ఈ వారం కూడా నేను విన్న ఇండీ, పంక్ ఆల్బమ్స్‌లో బాగా నచ్చిన ఐదింటి గురించి మాట్లాడుకుందాం. ఐదో నంబర్ నుంచి ఒకటో నంబర్ దాకా కిందనుంచి పైకి వెళ్దాం. ఒకటో నంబర్ కథ మాత్రం మిస్ అవ్వొద్దు. దాని గురించి మూడు రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఛానల్‌కి కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. మనకి ఆల్బమ్ అంటే సినిమా పాటలే. హీరో ఎంట్రీకి ఒకటి, డ్యూయెట్ ఒకటి, ఐటమ్ సాంగ్ ఒకటి, సెకండాఫ్‌లో ఏడుపు పాట ఒకటి. సందర్భం డైరెక్టర్ చెప్తాడు, పాట దానికి తగ్గట్టు తయారవుతుంది. నేను చెప్పే ఆల్బమ్స్‌కి సినిమా ఉండదు. ముగ్గురో నలుగురో కలిసి వాళ్ల బతుకులోంచి వాళ్లే సందర్భం వెతుక్కుంటారు. ఇండీ అంటే ఇండిపెండెంట్, పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా చేసే సంగీతం. పంక్ అంటే 1970లలో న్యూయార్క్, లండన్ లాంటి ఊళ్లలో పేలిన స్పీడు రాక్. గిటార్ మీద మూడు కార్డ్స్ వస్తే చాలు, చెప్పాల్సిన మాట ఉంటే చాలు, స్టేజ్ ఎక్కేయొచ్చు అనేది దాని పద్ధతి.

ఇంకో విషయం. పోయిన ఎపిసోడ్ కింద ఒకరు అడిగారు: "అన్నా, ఇంగ్లీష్ పాటల్లో ఒక్క ముక్క అర్థం కాదు, ఎలా వింటావన్నా?" మంచి ప్రశ్న. పంక్ పాటలు మొదటిసారి ఇంగ్లీష్ వాళ్లకే సరిగ్గా అర్థం కావు, అంత స్పీడు. నేను చేసేది ఇదీ: మొదటిసారి మాటలు వదిలేసి బేస్ గిటార్, డ్రమ్స్ మాత్రమే వింటాను. రెండోసారి లిరిక్స్ తెరిచి పెట్టుకుని చదువుతూ వింటాను. మూడోసారి ఫోన్ జేబులో పెట్టేసి నడుస్తూ వింటాను. మూడోసారికి కూడా ఎక్కకపోతే ఆ ఆల్బమ్ మీది కాదు, వదిలేయండి, ఏం పర్లేదు. ఇక మొదలుపెడదాం.

నంబర్ 5. ద లిండా లిండాస్, ఆల్బమ్ పేరు గ్రోయింగ్ అప్, 2022.

లాస్ ఏంజెలెస్ అమ్మాయిలు. నలుగురు. మీలా, లూసియా అక్కచెల్లెళ్లు, ఎలోయిస్ వాళ్ల కజిన్, బేలా వాళ్ల ఫ్రెండ్. ఆసియా మూలాలు, లాటిన్ అమెరికా మూలాలు ఉన్న కుటుంబాల పిల్లలు. ఆల్బమ్ వచ్చేనాటికి వీళ్లలో పెద్దమ్మాయికి కూడా ఇరవై దాటలేదు. డ్రమ్స్ వాయించే మీలా అయితే మన దగ్గర ఆరో క్లాసు చదివే వయసు.

వీళ్లు ప్రపంచానికి తెలిసింది ఒక లైబ్రరీలో పాడిన పాటతో. 2021 మే నెలలో లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీలో, వెనకాల పుస్తకాల అరలు కనిపిస్తూ ఉండగా వాయించారు. ఆ వీడియో వైరల్ అయ్యింది. పాట వెనక ఉన్నది నిజంగా జరిగిన సంగతి. కరోనా లాక్‌డౌన్‌కి కొంచెం ముందు క్లాసులో ఒక అబ్బాయి మీలా దగ్గరికి వచ్చి, చైనీస్ వాళ్లకి దూరంగా ఉండమని మా నాన్న చెప్పాడు అన్నాడట. నేనూ చైనీసే అని ఈ పిల్ల చెప్పగానే వాడు వెనక్కి జరిగాడు. అంతే జరిగింది. మనలో చాలామంది ఇలాంటిది ఇంటికొచ్చి అమ్మకి చెప్తాం, రెండు రోజులు బాధపడతాం, మింగేస్తాం. మీలా, ఎలోయిస్ కూర్చుని దాన్ని పాటగా రాసేశారు. ఆల్బమ్‌లో ఆఖరి పాట అదే.

కానీ ఆల్బమ్ అంతా కోపమే అనుకోకండి. ఇందులో బేలా పెంచుకునే పిల్లి మీద ఒక పాట ఉంది, నీనో దాని పేరు. పెద్దవాళ్లం అయిపోతున్నామే అనే బెంగ మీద ఇంకోటి ఉంది. మొత్తం పది పాటలు. పంక్‌లోకి కొత్తగా దిగేవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి. ట్యూన్స్ తేలిగ్గా నోట్లో ఆడతాయి. ఒక్కటే కంప్లైంట్, సౌండ్ మరీ నీట్‌గా ఉంది. లైబ్రరీ వీడియోలో ఉన్న గరుకుదనం ఇందులో కొంచెం తగ్గింది. అందుకే ఐదో స్థానం.

నంబర్ 4. కార్నర్‌షాప్, వెన్ ఐ వాజ్ బార్న్ ఫర్ ద సెవెంత్ టైమ్, 1997.

బ్యాండ్ పేరు దగ్గరే ఆగుదాం. బ్రిటన్‌లో కార్నర్ షాప్ అంటే మన సందు చివరి కిరాణా కొట్టు. మన దేశం నుంచి, పాకిస్తాన్ నుంచి వెళ్లినవాళ్లు అనగానే కొట్టు పెట్టుకునేవాళ్లు అని అక్కడ ఒక ముద్ర ఉండేది. టీజిందర్ సింగ్ ఆ ముద్రనే తీసుకుని బ్యాండ్‌కి పేరుగా పెట్టేశాడు. మీరు ఎగతాళిగా అనే మాట ఇప్పుడు మా బోర్డు మీద మేమే రాసుకున్నాం, ఇంకేమంటారు అన్నట్టు.

మొదట్లో వీళ్లది రఫ్ సౌండ్. 1992లో మోరిస్సీ అనే పెద్ద ఇండీ స్టార్ జాతీయవాదం విషయంలో నడిచిన తీరు నచ్చక, ఈఎంఐ ఆఫీసు బయట అతని ఫొటో తగలబెట్టారు. ఈఎంఐ అంటే మనం ఫోన్‌కి నెలనెలా కట్టేది కాదండోయ్, అది రికార్డ్ కంపెనీ పేరు.

ఐదేళ్ల తర్వాత వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్నదే బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా. ఆశా అంటే మన ఆశా భోస్లేనే. తెరమీద పెదాలు కదిపేది ఒకరు, పాడేది ఇంకొకరు అనే ప్లేబ్యాక్ పద్ధతి మీద, పాత 45 ఆర్‌పీఎం చిన్న రికార్డుల మీద ప్రేమతో రాసిన పాట. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పేర్లు కూడా అందులో వస్తాయి. మామూలుగా విడుదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నార్మన్ కుక్, అంటే ఫ్యాట్‌బాయ్ స్లిమ్, దాన్ని స్పీడు పెంచి రీమిక్స్ చేశాక 1998 ఫిబ్రవరిలో బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్ అయ్యింది. నా మాట వినండి, రీమిక్స్ పక్కన పెట్టి ఒరిజినల్ వినండి. సాయంత్రం టీ తాగుతూ వినే స్పీడులో ఉంటుంది.

ఆల్బమ్ చివర ఉన్నది బీటిల్స్ వాళ్ల నార్వీజియన్ వుడ్, కానీ పంజాబీలో. ఇది ఎందుకు ముఖ్యమంటే, 1965లో బీటిల్స్ ఆ పాట చేసినప్పుడు జార్జ్ హ్యారిసన్ అందులో సితార్ వాయించాడు. మన వాయిద్యం వాళ్ల పాటలోకి వెళ్లింది. ముప్పై రెండేళ్ల తర్వాత కిరాణా కొట్టు పేరు పెట్టుకున్న కుర్రాడు ఆ పాటనే మన వైపు భాషలోకి లాక్కొచ్చాడు. ఎవరినీ తిట్టలేదు, లెక్చర్ ఇవ్వలేదు. పాడాడు, అంతే. మధ్యలో కొన్ని బిట్లు ఊరికే సాగతీతలా ఉంటాయి, వాటిని స్కిప్ చేసినా నష్టం లేదు.

నంబర్ 3. ఎక్స్-రే స్పెక్స్, జెర్మ్‌ఫ్రీ అడోలసెంట్స్, 1978.

లండన్ బ్యాండ్. సింగర్ పేరు పాలీ స్టైరీన్. అవును, థర్మోకోల్ తయారయ్యే ఆ పాలీస్టైరీనే. అసలు పేరు మారియన్ ఎలియట్. తండ్రి సోమాలియా మనిషి, తల్లి బ్రిటిష్. 1976లో తన పుట్టినరోజు నాడు హేస్టింగ్స్ అనే సముద్రతీరం ఊళ్లో సెక్స్ పిస్టల్స్ షో చూసింది. జనం పెద్దగా లేరు. ఇది నేనూ చేయగలను అనుకుని, బ్యాండ్ కోసం కుర్రాళ్లు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చింది.

అప్పట్లో స్టేజ్ మీద ఆడపిల్ల ఎలా కనిపించాలో అందరూ డిసైడ్ చేసి పెట్టుకున్నారు. ఈమె పళ్లకి క్లిప్పులతో, కళ్లు చెదిరే రంగుల బట్టలతో వచ్చింది. గొంతు ఎత్తితే ఫ్యాక్టరీ సైరన్. పక్కన సాక్సోఫోన్. పంక్‌లో సాక్సోఫోన్ ఏంటి అనుకోకండి. మన పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ మేళం వాళ్లు రాత్రి పదకొండింటికి ఊపులో ఉన్నప్పుడు వాయిస్తారు చూడండి, శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా ఆపబుద్ధి కాదు. సరిగ్గా అలా ఉంటుంది.

ఇక విషయానికొస్తే, ఈ ఆల్బమ్ నిండా ప్లాస్టిక్, అడ్వర్టైజ్‌మెంట్లు, సూపర్ మార్కెట్లు, అద్దంలో మనల్ని మనం చూసుకోవడం. కవర్ మీద బ్యాండ్ సభ్యులు పెద్ద పెద్ద టెస్ట్ ట్యూబుల్లో నిలబడి ఉంటారు, ల్యాబులో తయారైన శాంపిల్స్ లాగా. ఐడెంటిటీ అనే పాట ఉంది. మ్యాగజైన్లో, టీవీలో కనిపించే బొమ్మని చూసి, నేనూ అలాగే ఉండాలేమో అని కుమిలిపోయే మనిషి గురించి. 1978 పాట అది! ఇంటర్నెట్ లేదు, ఫోన్లో కెమెరా లేదు, ఫిల్టర్ లేదు. నేను ఈ వారం అది వింటూ నా ఫోన్లో ఉన్న సెల్ఫీలు లెక్కపెట్టాను. నంబర్ చెప్పను.

అయితే ఇదేదో పెద్దావిడ నీతి బోధ లాగా ఉండదు. పాలీ స్టైరీన్‌కి ఆ రంగులంటే, ఆ ప్లాస్టిక్ మెరుపంటే ఇష్టం కూడా. ఇష్టపడుతూనే భయపడుతుంది. అందుకే నమ్మబుద్ధేస్తుంది. ఆ ఒత్తిడి ఆమెని వదల్లేదు. మానసికంగా చాలా ఇబ్బంది పడింది. డాక్టర్లు మొదట స్కిజోఫ్రేనియా అన్నారు, అది తప్పని, బైపోలార్ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. 1979లోనే బ్యాండ్ వదిలేసింది. తర్వాత హరేకృష్ణ ఉద్యమంలో చేరింది. 2011లో క్యాన్సర్‌తో చనిపోయింది. కూతురు సెలెస్ట్ బెల్ తల్లి మీద ఒక డాక్యుమెంటరీ కూడా తీసింది. దొరికితే చూడండి.

నంబర్ 2. మినిట్‌మెన్, డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్, 1984.

ఇప్పుడు ముగ్గురు మామూలు మనుషుల కథ. కాలిఫోర్నియాలో శాన్ పెడ్రో, లాస్ ఏంజెలెస్ హార్బర్ ఉన్న చోటు. డి. బూన్ గిటార్, మైక్ వాట్ బేస్, జార్జ్ హర్లీ డ్రమ్స్. బూన్, వాట్ చిన్నప్పటి నుంచీ దోస్తులు. పిల్లలు వీధిలో పడి పాడవకుండా ఇంట్లో ఉంటారని బూన్ వాళ్లమ్మ బ్యాండ్ పెట్టుకోమంది, వాట్‌ని బేస్ వాయించమంది కూడా ఆవిడే. వాట్‌కి బేస్ అంటే వేరే వాయిద్యం అని కూడా తెలీదు. మామూలు గిటార్‌కే నాలుగు తీగలు పెట్టుకుని మొదలుపెట్టాడు. అలాంటివాడు ఈరోజు బేస్ నేర్చుకునే ప్రతివాడూ చెప్పే పేరు!

వీళ్ల లేబుల్‌లోనే ఉన్న హస్కర్ డూ అనే బ్యాండ్ డబుల్ ఆల్బమ్ చేస్తోందని తెలిసి, మేమేం తక్కువా అని వీళ్లూ పాటలు పెంచేశారు. రెండు రికార్డులు, నలభైకి పైగా పాటలు. చాలా పాటలు రెండు నిమిషాల్లోపే అయిపోతాయి. రీల్స్ కాలం మనకి ఇది భలే కుదురుతుంది కదా! కానీ తేడా ఉంది. రీల్ ఒక్క ముక్క చూపించి వదిలేస్తుంది. ఇక్కడ ప్రతి చిన్న పాటా పూర్తి పాటే. చెప్పాల్సింది చెప్పడం అయిపోయింది, ఆపేశారు.

టైటిల్ కూడా జోకే. అప్పట్లో అమెరికా హైవేల మీద స్పీడ్ లిమిట్ గంటకి 55 మైళ్లు. నికెల్ అంటే ఐదు సెంట్లు, రెండు నికెల్స్ పక్కపక్కన పెడితే 55. శామీ హేగర్ అనే రాక్ స్టార్ 55లో నడపడం నా వల్ల కాదు అని పాట కట్టాడు. వీళ్లేమో, కారు మెల్లగా నడుపుతాం, సంగీతంలో తెగిస్తాం అన్నారు. కవర్ ఫొటోలో వాట్ కారు నడుపుతుంటాడు, స్పీడోమీటర్ ముల్లు సరిగ్గా 55 మీద ఉంటుంది.

ఈ డబుల్ ఆల్బమ్‌కి అయిన ఖర్చు దాదాపు 1,100 డాలర్లు. ఎలా? వీళ్లకి ఎకానో అని ఒక పద్ధతి ఉండేది, ఎకానమీ నుంచి వచ్చిన మాట. స్టూడియోలోకి వెళ్లేముందే పాటలన్నీ ప్రాక్టీస్ అయిపోవాలి. సామాను మనమే మోసుకోవాలి, వ్యాన్ మనమే నడపాలి. గొప్ప కోసం పైసా ఖర్చు పెట్టకూడదు. పంక్ అన్నారు గానీ ఇందులో ఫంక్ ఉంది, జాజ్ ఉంది, ఫోక్ ఉంది. కరోనా అనే పాట వినగానే మీలో కొందరు గుర్తుపడతారు, జాక్యాస్ షోకి టైటిల్ మ్యూజిక్ అదే. పేరు చూసి కంగారు పడకండి, మన కరోనాకీ దానికీ సంబంధం లేదు.

1985 డిసెంబర్‌లో అరిజోనాలో వ్యాన్ యాక్సిడెంట్ అయ్యింది. డి. బూన్ చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు. వాట్, హర్లీ ఇక సంగీతం వద్దనుకున్నారు. అప్పుడు ఒహాయో నుంచి ఎడ్ క్రాఫర్డ్ అని ఒక అభిమాని, ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి, శాన్ పెడ్రో దాకా వచ్చి కూర్చున్నాడు. మీరు వాయించాల్సిందే, నేనూ వాయిస్తాను అన్నాడు. ఫైర్‌హోస్ అనే కొత్త బ్యాండ్ అలా పుట్టింది. ఫ్యాన్ అంటే లైక్ కొట్టి వెళ్లిపోయేవాడే కాదు. ఒక్కోసారి ఆగిపోయిన చెయ్యి పట్టుకుని లేపేవాడు కూడా. నలభై పాటలూ ఒకేసారి వినకండి, తల తిరుగుతుంది. రోజుకి పది చొప్పున వినండి.

నంబర్ 1. డెత్, ...ఫర్ ద హోల్ వరల్డ్ టు సీ. రికార్డ్ చేసింది 1975లో. బయటికి వచ్చింది 2009లో. ముప్పై నాలుగేళ్లు!

డెట్రాయిట్ ఊరు. ముగ్గురు నల్లజాతి అన్నదమ్ములు. డేవిడ్, బాబీ, డానిస్ హ్యాక్నీ. చుట్టుపక్కల అంతా మోటౌన్ పాటలు, సోల్, ఫంక్. వీళ్లూ ఫంక్‌తోనే మొదలుపెట్టారు. డేవిడ్ ద హూ అనే బ్యాండ్ కచేరీ చూసొచ్చి, ఇక మనం రాక్ వాయిస్తున్నాం అన్నాడు. తమ్ముళ్లు సరే అన్నారు. నల్లకుర్రాళ్లు తెల్లవాళ్ల పాటలు వాయిస్తున్నారేంటి అని వీధిలో మాటలు. వీళ్లు వినలేదు.

అప్పుడే తండ్రి ప్రమాదంలో చనిపోయాడు. డేవిడ్ ఆ దుఃఖంలోంచి బ్యాండ్ పేరు మార్చాడు: డెత్, అంటే చావు. చావు అంటే భయపడాల్సింది కాదు, అది కూడా పుట్టుక లాంటిదే అని అతని నమ్మకం. మన ఇళ్లల్లో ఆ మాట నోట్లోంచి వస్తేనే "శుభం పలకరా" అంటారు, అలాంటిది బ్యాండ్‌కి పేరు! అక్కడ కూడా ఎవరికీ మింగుడు పడలేదు.

స్టూడియోలో ఏడు పాటలు రికార్డ్ చేశారు. క్లైవ్ డేవిస్ అని అమెరికా మ్యూజిక్ ఇండస్ట్రీలో చాలా పెద్ద మనిషి, ఆయనకి పాటలు నచ్చాయి. ఒకే ఒక్క షరతు, పేరు మార్చండి. డేవిడ్ కుదరదు అన్నాడు. తమ్ముళ్లకి లోపల ఏమున్నా, అన్న మాటకి కట్టుబడ్డారు. డీల్ పోయింది. 1976లో సొంత డబ్బులతో ఒక సింగిల్ 500 కాపీలు వేసుకున్నారు. రేడియోలు వేయలేదు. అంతే, అయిపోయింది. వెర్మాంట్ రాష్ట్రానికి వెళ్లిపోయారు. తర్వాత డేవిడ్ డెట్రాయిట్ తిరిగొచ్చేశాడు, తమ్ముళ్లిద్దరూ అక్కడే ఉండి రెగే బ్యాండ్ పెట్టుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు. డేవిడ్ చనిపోయే ముందు టేపులు బాబీకి ఇచ్చి, ఒకరోజు ప్రపంచం వీటి కోసం వెతుక్కుంటూ వస్తుంది, జాగ్రత్తగా పెట్టు అన్నాడట. 2000లో లంగ్ క్యాన్సర్‌తో పోయాడు.

ఆ 500 కాపీల్లో కొన్ని రికార్డులు పోగేసేవాళ్ల చేతికి చిక్కాయి, చేతులు మారాయి, పాట ఇంటర్నెట్‌కి ఎక్కింది. బాబీ కొడుకు కాలిఫోర్నియాలో ఒక పార్టీలో ఏదో పాత పంక్ పాట వింటూ, ఈ గొంతు మా నాన్నది కదా అని ఉలిక్కిపడ్డాడు. నాన్న ఎప్పుడూ చెప్పలేదు! ఆ తర్వాత డ్రాగ్ సిటీ అనే ఇండీ లేబుల్ ఆ ఏడు పాటలూ విడుదల చేసింది. రమోన్స్ మొదటి ఆల్బమ్ 1976, సెక్స్ పిస్టల్స్ మొదటి సింగిల్ 1976. వీళ్లు 1975లోనే ఆ స్పీడులో ఉన్నారు. పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్ అనే పాటలో బేస్ పరిగెత్తడం వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాత్రమే. ఫోన్ స్పీకర్లో ఆ బేస్ వినపడదు.

ఇప్పుడు నా తలలో మూడు రోజులుగా తిరుగుతున్న సంగతి. దీన్ని అందరూ స్ఫూర్తి కథ లాగా చెప్తారు. నమ్మకం ఉంచుకుంటే ఎప్పటికైనా గెలుస్తావు అని. నేనలా చెప్పలేను. డేవిడ్ గెలవడం చూడలేదు. టేపులు పోయి ఉంటే, ఆ కొడుకు ఆ పార్టీకి వెళ్లకపోతే, మనకి ఈ పేరు కూడా తెలిసేదో లేదో. పేరు మార్చుకుని ఉంటే 1975లోనే రికార్డ్ వచ్చేదేమో, ఆ ముగ్గురి జీవితం వేరేగా ఉండేదేమో.

నాకు తెలిసిన ఒక తమ్ముడు తెలుగులో సొంత పాటలు రాస్తాడు. ఒక కంపెనీ వాళ్లు వాడి పాట విని, బాగుంది గానీ మొదటి పదిహేను సెకన్లలో హుక్ రావాలి, మధ్యలో అమ్మమ్మ గురించి ఉన్న చరణం తీసెయ్ అన్నారు. వాడు నన్ను అడిగాడు, ఏం చేయమంటావన్నా అని. ఆ చరణం కోసమే వాడు ఆ పాట రాశాడు. వాడికి ఇంటి అద్దె కూడా కట్టాలి. ఆర్ట్ ముఖ్యం రా అని నేను సోఫాలో కూర్చుని చెప్పడం తేలిక, అద్దె నేను కట్టను కదా. అందుకని సలహా ఇవ్వలేదు. ఈ ఆల్బమ్ పంపించాను. ఒక్క మాట మాత్రం చెప్పాను: వాళ్లకి ఏం ఇచ్చినా, తీసేయని పాటని ఒక కాపీ నీ దగ్గర దాచుకో. డేవిడ్ చేసిన తెలివైన పని అదే. డీల్ పోయినా టేపులు పోనివ్వలేదు. టేపు ఉంటేనే కదా ఎవరైనా వెతుక్కుంటూ వచ్చేది. వాడింకా ఏం తేల్చుకోలేదు.

సరే, మళ్లీ లిస్టు. కొత్తవాళ్లు లిండా లిండాస్‌తో మొదలుపెట్టి, కార్నర్‌షాప్, ఎక్స్-రే స్పెక్స్, డెత్ వరుసలో వెళ్లండి, మినిట్‌మెన్ ఆఖర్న పెట్టుకోండి. ఇంకో రిక్వెస్ట్. ఇలాంటి బ్యాండ్స్‌కి స్ట్రీమింగ్‌లో ఒక్కో ప్లేకి వచ్చేది చాలా తక్కువ. ఏదైనా ఆల్బమ్ నిజంగా నచ్చితే, బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట ఉందేమో చూసి, వీలైనప్పుడు కొనండి. నెలకి ఒక్కటి చాలు, రెండు బిర్యానీల ఖర్చు కూడా కాదు. కొనలేకపోతే ఒక ఫ్రెండ్‌కి వినిపించండి. పూర్తిగా, మొదటి పాట నుంచి చివరి పాట దాకా.

కామెంట్స్‌లో ఒక్కటి చెప్పండి: పేరు మార్చుకో అంటే మీరైతే మార్చుకునేవాళ్లా? ఊరికే హీరోలా కాదు, నిజంగా ఆలోచించి చెప్పండి. వచ్చేవారం వాషింగ్టన్ డీసీ వెళ్దాం, షో టికెట్ మామూలుగా ఐదు డాలర్లకే ఉంచిన ఫుగాజీ దగ్గరికి. వీడియో నచ్చితే లైక్ చేయండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో రాయండి. ఉంటాను మరి, బై.